పైపూత వెనక లెక్క

తారు రోడ్డు పాడవడం అడుగు నుంచే మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. బరువు లారీలు రాత్రింబవళ్లు తిరిగే రహదారుల విషయంలో అది చాలావరకు నిజమే. కానీ ఊరిని మండల కేంద్రంతో కలిపే రోడ్లలో, ఓ మోస్తరు రద్దీ ఉండే జిల్లా రోడ్లలో ముందుగా ముసలితనం వచ్చేది పై పొరకే. ఎండా గాలీ తగిలే పై కొన్ని మిల్లీమీటర్లలో బిటుమెన్ ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. దానికి సాగే గుణాన్నిచ్చే నూనె భాగం తగ్గుతుంది, పెళుసుదనాన్నిచ్చే ఆస్ఫాల్టీన్ల భాగం పెరుగుతుంది. నిగనిగలాడే నలుపు కొన్నేళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది. చెప్పుతో గట్టిగా రాస్తే సన్న కంకర ఊడి వస్తుంది. ఆ తరువాత వెంట్రుకల్లాంటి పగుళ్లు. వాటిలోంచి వాననీరు కిందికి దిగి గ్రావెల్ పొరను, దాని కింది మట్టిని నానబెడుతుంది. అప్పటిదాకా వాహనాన్ని మోసిన పునాది మెత్తబడుతుంది. మన కంటికి గుంత కనిపించేసరికి జరగాల్సిన నష్టంలో సగానికి పైగా జరిగిపోయి ఉంటుంది.

ఆ దశకు చాలా ముందే, పై పొర గట్టిపడుతుండగానే, పలుచని పూత వేసి నీటిని ఆపాలన్నది రోడ్ల పరిరక్షణ సిద్ధాంతం. ఈ పూతల్లో రకాలున్నాయి. నీళ్లు కలిపిన బిటుమెన్ ఎమల్షన్‌ను ఊరికే చల్లి వదిలేయడం అన్నిటికన్నా తేలికైనది. బిటుమెన్ చల్లి, దానిమీద ఒకే వరుస రాతి చిప్స్ పరిచి, రోలర్ తిప్పితే అది సర్ఫేస్ డ్రెస్సింగ్. న్యూజిలాండ్‌లో, అమెరికాలో దీన్నే చిప్ సీల్ అంటారు. క్రషర్ నుంచి వచ్చే సన్న రాతిపొడిని ఎమల్షన్‌తో, నీటితో కలిపి జారుగా పరిచేది స్లర్రీ సీల్. అందులో పాలిమర్ చేర్చి, గంటా రెండు గంటల్లో వాహనాలను వదిలేలా తీర్చిదిద్దినది మైక్రో సర్ఫేసింగ్. ఏది తీసుకున్నా మందం కొన్ని మిల్లీమీటర్లే.

మందం తక్కువ కాబట్టి లెక్కలూ తక్కువే ఉంటాయన్న అభిప్రాయం మన పనుల్లో గట్టిగా నాటుకుపోయింది. నా ఉద్దేశంలో నిజం దీనికి సరిగ్గా తలకిందులు. 40 మిల్లీమీటర్ల తారు పొరలో బిటుమెన్ కొంచెం అటూ ఇటూ అయితే ఆ పొర కొంత ఓర్చుకుంటుంది. ఒక చిప్ మందమే మొత్తం పొర అయినప్పుడు ఓర్చుకోవడానికి చోటే లేదు.

లెక్కకు ముందు తేలవలసిన విషయం ఒకటుంది. పలుచని పూత రోడ్డుకు బలం ఇవ్వదు. నీటిని ఆపుతుంది, పై పొర ముసలితనాన్ని వాయిదా వేస్తుంది, చక్రానికి పట్టు ఇస్తుంది, అంతే. కాబట్టి కింద పునాది గట్టిగా ఉందా లేదా అన్నది మొదట చూడాలి. అందుకు 1953లో అమెరికాలో ఎ.సి. బెంకెల్‌మన్ రూపొందించిన పొడవాటి మీట ఇప్పటికీ మన దేశంలో వాడుకలో ఉంది. వెనక ఇరుసు మీద 8,170 కిలోల బరువున్న లారీ జంట చక్రాల మధ్య దాని మొన పెట్టి, లారీ ముందుకు కదిలినప్పుడు రోడ్డు ఎన్ని మిల్లీమీటర్లు పైకి లేచిందో డయల్ మీద చదువుతారు. ఎక్కువ లేచిందంటే అంతకుముందు ఎక్కువ కుంగి ఉన్నట్టే. అలాంటి రోడ్డుకు కావలసింది మందపాటి పొర, లేదా అడుగు నుంచి మరమ్మతు. వలలా అల్లుకున్న పగుళ్లు, చక్రాలు పోయే దారిలో లోతుగా పడిన చాళ్లు, అంచులు విరిగిన బెర్మ్ కనిపిస్తే యంత్రం కూడా అక్కర్లేదు. అక్కడ సర్ఫేస్ డ్రెస్సింగ్ చేస్తే మొదటి వర్షాకాలానికే అది పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆపైన అందరూ ఆ పద్ధతినే తిడతారు.

సర్ఫేస్ డ్రెస్సింగ్‌కు లెక్క నేర్పినవాడు న్యూజిలాండ్ ఇంజనీరు ఎఫ్.ఎం. హాన్సన్. ఆ దేశంలో జనాభా తక్కువ, రోడ్లు ఎక్కువ. ఖరీదైన మందపాటి తారు పొరలు అన్నిచోట్లా వేయలేరు. అందుకని గ్రావెల్ రోడ్ల మీద తారు చల్లి చిప్స్ పరచడం అక్కడ మొదటి నుంచీ వాడుక. ఈనాటికీ ఆ దేశపు తారు రోడ్లలో అత్యధిక భాగం చిప్ సీల్‌వే. ఎంత తారు చల్లాలన్నది అప్పట్లో మేస్త్రి అనుభవాన్ని బట్టి నడిచేది. 1935లో అచ్చయిన వ్యాసంలో హాన్సన్ ఆ అనుభవం లోపల దాగిన జ్యామితిని బయటపెట్టాడు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుట్టింది కూడా ఇంచుమించు అప్పుడే, 1934 డిసెంబరులో.

హాన్సన్ చూసింది ఇది. ఒకే సైజు చిప్స్‌ను రోడ్డు మీద వదిలినప్పుడు అవి ఎలా పడితే అలా పడతాయి. కొన్ని నిలబడి, కొన్ని పక్కకు ఒరిగి, కొన్ని ఒకదానిమీద ఒకటి. ఆ స్థితిలో పొర ఘనపరిమాణంలో దాదాపు 50 శాతం ఖాళీయే. రోలర్ తిరిగాక ఖాళీ 30 శాతానికి తగ్గుతుంది. వాహనాలు కొంతకాలం తిరిగాక 20 శాతం దగ్గర స్థిరపడుతుంది. కిక్కిరిసిన బస్సులో ఎక్కినవాళ్లు ఎక్కినట్టే నిలబడి, నాలుగు కుదుపుల తరువాత సర్దుకున్నట్టు, ప్రతి చిప్ తన వెడల్పాటి ముఖం మీదికి ఒరిగి, తన అతి తక్కువ కొలతను నిలువుగా పెట్టుకుని కూర్చుంటుంది. అంటే చివరికి పూత మందం చిప్ పొడవును బట్టి కాదు, వెడల్పును బట్టీ కాదు. దాని అతి తక్కువ కొలతను బట్టి ఉంటుంది. చిప్స్ అన్నిటి మీదా ఆ కొలత సగటు తీస్తే అదే సగటు కనిష్ఠ కొలత. పూత రూపకల్పన అంతా ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది.

చివర్న మిగిలే 20 శాతం ఖాళీలో ఎంత భాగాన్ని బిటుమెన్ నింపాలన్నది తరువాతి ప్రశ్న. హాన్సన్ 65 నుంచి 70 శాతం అన్నాడు. అంతకన్నా బాగా తగ్గితే చిప్ పాదానికి పట్టు చాలక చక్రం దాన్ని విసిరేస్తుంది. బాగా పెరిగితే బిటుమెన్ చిప్ తలల దాకా ఉబికి రోడ్డు నల్లగా, నున్నగా మారుతుంది. ఎండలో చక్రాలకు అంటుకుంటుంది, వానలో జారుతుంది. ఈ రెండు తప్పుల మధ్య దూరం ఎంతో తెలిస్తే ఇంజనీరు కాని పాఠకుడికీ విషయం అర్థమవుతుంది.

చదరపు మీటరు మీద లీటరు ద్రవం పోస్తే అది సరిగ్గా ఒక మిల్లీమీటరు మందాన నిలుస్తుంది. సగటు కనిష్ఠ కొలత 7 మిల్లీమీటర్లున్న చిప్స్ తీసుకుందాం. వదులుగా పోసినప్పుడు ఘనమీటరు బరువు 1,450 కిలోలు, రాతి సాంద్రత నీటికి 2.65 రెట్లు అనుకుంటే, వదులు స్థితిలో ఖాళీ 45 శాతం. వాహనాలు తిరిగాక అందులో మిగిలేది పదిలో నాలుగు వంతులు, అంటే సుమారు 18 శాతం. 7 మిల్లీమీటర్లలో 18 శాతం అంటే దాదాపు 1.27 మిల్లీమీటర్లు, చదరపు మీటరుకు 1.27 లీటర్లు. అంత పోస్తే ఖాళీ మొత్తం నిండిపోయి రోడ్డు కారుతుంది. ఓ మోస్తరు రద్దీ రోడ్డులో అందులో 75 శాతం నింపాలనుకుంటే 0.95 లీటరు కావాలి. మంచి పూతకూ కారే పూతకూ మధ్య తేడా మూడో వంతు లీటరు కూడా లేదు, మిల్లీమీటరులో మూడో వంతు మందం. స్ప్రేయర్ లారీ కొంచెం మెల్లగా నడిచినా, ఒక నాజిల్ మొద్దుబారినా ఆ తేడా చెరిగిపోతుంది.

పైన వాడిన పదిలో నాలుగు వంతులు కెనడా ఇంజనీరు నార్మన్ మెక్లియడ్ సూత్రంలోనిది. 50 శాతం ఖాళీ చివరకు 20 అవుతుందన్న హాన్సన్ పరిశీలనకు అది గణిత రూపం. మెక్లియడ్ 1960లలో హాన్సన్ ఆలోచనను తీసుకుని సైట్‌లో ఎవరైనా వేయగలిగే లెక్కగా మార్చాడు. అంతకుముందు 1953లో టెక్సాస్‌లో జె.పి. కీర్బీ ఇంకా తేలికైన దారి చూపాడు. అర చదరపు గజం పలక మీద చిప్స్‌ను ఒకే వరుసగా, ఒకదాన్నొకటి తాకేలా పేర్చి తూచడమే ఆ పద్ధతి. టెక్సాస్‌లో ఆ పలక పరీక్ష తరువాతి మార్పులతో ఇంకా నడుస్తోంది. తక్కెడ, పలక ఉంటే చాలు కాబట్టి మన సైట్లకూ బాగా నప్పుతుంది. కానీ బిటుమెన్ మోతాదు విషయంలో మెక్లియడ్ లెక్క ఎక్కువ వివరంగా ఉంటుంది.

ఆయన సూత్రంలో చిప్స్ ఆకారం నేరుగా వచ్చి చేరుతుంది. జల్లెడ పరీక్ష నుంచి సగం చిప్స్ జారిపోయే సైజు తెలుస్తుంది. దాన్ని మధ్యమ సైజు అందాం. పలకబారిన చిప్స్ ఎన్ని ఉన్నాయో చూడడానికి చీలికలున్న గేజ్ ఒకటి వాడతారు. తన సగటు సైజులో పదిలో ఆరు వంతుల కన్నా పలుచగా ఉన్న ప్రతి చిప్పూ ఆ చీలికలోంచి జారిపోతుంది. జారినవాటి బరువు శాతమే పలకదనం సూచిక. మధ్యమ సైజు 10 మిల్లీమీటర్లు, సూచిక 25 అయితే సగటు కనిష్ఠ కొలత 7 మిల్లీమీటర్లు వస్తుంది. అదే సైజులో సూచిక 10 ఉన్న గుండ్రటి చిప్స్‌కు దాదాపు 8 మిల్లీమీటర్లు. సూచిక 40 ఉన్న పలక చిప్స్‌కు 6.25 మాత్రమే.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే సైట్‌లో ఎక్కువ పూతలు దెబ్బతినేది ఈ అంకె దగ్గరే. మంచి క్వారీ నుంచి తెచ్చిన గుండ్రటి చిప్స్‌కు చదరపు మీటరుకు 1.08 లీటర్ల బిటుమెన్ అని లెక్క తేలిందనుకోండి. మధ్యలో ఆ క్రషర్ ఆగిపోయి, వేరే క్రషర్ నుంచి అదే 10 మిల్లీమీటర్ల చిప్స్ వచ్చాయి. జల్లెడ పరీక్షలో రెండూ ఒకటే. కానీ కొత్తవి పలకబారినవి, సూచిక 40. వాటికి కావలసింది 0.85 లీటరు. పాత మోతాదే చల్లితే ఖాళీలో 96 శాతం నిండిపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ రోడ్డు అద్దంలా మెరుస్తుంది. అప్పుడు బిటుమెన్ నాణ్యత మీద అనుమానాలు, ఎండ మీద నిందలు. తప్పు నిజానికి చిప్ ఆకారంలో ఉంది. దాన్ని పట్టడానికి ఒక గేజ్, అరపూట సమయం సరిపోయేవి.

రద్దీ ఎంత ఎక్కువైతే బిటుమెన్ అంత తగ్గించాలి. పైకి ఇది విడ్డూరంగా అనిపిస్తుంది. ఎక్కువ చక్రాలు చిప్స్‌ను ఎక్కువగా ఒరిగించి, కిందికి నొక్కి ఖాళీని తగ్గిస్తాయి కాబట్టి అలా. మెక్లియడ్ లెక్కలో రోజుకు 100 వాహనాల లోపైతే ఖాళీలో 85 శాతం నింపవచ్చు, 100 నుంచి 500 దాకా 75, రెండు వేలు దాటితే 60. మన రోడ్లలో ఈ వాహనాల లెక్కే ఒక చిక్కు. ఈ శాతాలు కార్లు, లారీలు నడిచే ఉత్తర అమెరికా రోడ్లను చూసి తేల్చినవి. మన జిల్లా రోడ్డు మీద రోజుకు రెండు వేల వాహనాలు తిరిగితే అందులో సగానికి మించి మోటారు సైకిళ్లే ఉండొచ్చు. స్కూటరు చక్రం చిప్‌ను లారీ చక్రంలా నొక్కదు. అంకెను అంకెగా వేసి 60 శాతమే నింపితే బిటుమెన్ చాలక, ఊడిన చిప్స్ రోడ్డు అంచున కుప్పపడతాయి. వాటి మీద మొదట జారేదీ ఆ స్కూటరే. అందుకని మన దగ్గర బస్సులు, లారీలు, ట్రాక్టర్ల సంఖ్యను విడిగా చూసి శాతం ఎంచుకోవడమే సరైన పని.

పాత రోడ్డు ఉపరితలం కూడా లెక్కలో పాలుపంచుకుంటుంది. ఎండిపోయి చిన్న చిన్న రంధ్రాలున్న రోడ్డు కొత్త బిటుమెన్‌ను కొంత పీల్చేస్తుంది. చదరపు మీటరుకు 0.14 లీటరు, మరీ గరుకుగా ఉంటే 0.40 దాకా కలపాలి. ఇప్పటికే నల్లగా కారిన రోడ్డైతే ఆ మేరకు తగ్గించాలి. మన ఉదాహరణలోని 0.95కు 0.14 కలిపితే 1.09 లీటర్లు. బిటుమెన్‌ను నేరుగా కాకుండా, 67 శాతం బిటుమెన్ ఉండే ఆర్ఎస్-2 రకం ఎమల్షన్‌గా చల్లితే చదరపు మీటరుకు 1.63 లీటర్లు కావాలి. చిప్స్, 5 శాతం వృథా కలుపుకొని, దాదాపు 16 కిలోలు. 3.75 మీటర్ల వెడల్పున్న ఒక వరుస రోడ్డుకు కిలోమీటరుకు 60 టన్నుల చిప్స్, ఆరు వేల లీటర్ల పైచిలుకు ఎమల్షన్.

ఉపరితలం గరుకుదనాన్ని చేత్తో ముట్టుకుని చెప్పడం కన్నా ఇసుకతో కొలవడం మేలు. 50 మిల్లీలీటర్ల సన్న ఇసుకను రోడ్డు మీద పోసి, చదునైన చెక్క బిళ్లతో గుండ్రంగా తిప్పుతూ పరుస్తారు. రాళ్ల తలలు పైకి కనిపించేదాకా, గుంటలు మాత్రమే నిండేలా. ఆ వృత్తం అడ్డుకొలత 250 మిల్లీమీటర్లు వస్తే సగటు లోతు ఒక మిల్లీమీటరు. వృత్తం ఎంత పెద్దదైతే రోడ్డు అంత నున్నన. చక్రాల దారిలో, రోడ్డు మధ్యలో, అంచున విడివిడిగా చూస్తే ఒకే రోడ్డులో మూడు అంకెలు వస్తాయి. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో తరువాత జరిగిన పరిశీలనల్లో ఈ లోతు, తిరిగిన వాహనాల సంఖ్యకు లాగరిథమ్ పద్ధతిలో తగ్గుతూ పోతుందని తేలింది. మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా. ఖాళీ 20 శాతం దగ్గర శాశ్వతంగా ఆగిపోతుందన్న హాన్సన్ మాటకు ఇది సవరణ.

ఉపరితలం మెత్తదనం ఇంకో సంగతి. కింది పొర మెత్తగా ఉంటే చిప్స్ అందులోకి దిగబడి, కింది బిటుమెన్‌ను పైకి నెడతాయి. మన ఎండాకాలంలో నల్లటి రోడ్డు ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వీజీ-30 రకం బిటుమెన్‌కు ప్రమాణం కోరే మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీలు, వీజీ-10కు 40. అంటే రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నాలు ప్రతి తారు రోడ్డూ కొంత మెత్తగానే ఉంటుంది. పూత వేసే ముందు హడావిడిగా గుంతలు పూడ్చిన చోట ఈ సమస్య ఇంకా ఎక్కువ. కొత్త ప్యాచ్ మెత్తగా ఉంటుంది, చిప్స్ దాంట్లోకి కూరుకుపోతాయి. తరువాత చూస్తే పూత అంతటా బాగుండి, సరిగ్గా ప్యాచ్‌లున్న చోటే నల్లటి మచ్చలు తేలతాయి. ప్యాచ్ వర్క్ కొన్ని నెలల ముందే ముగించి, ఆ చోట్లు గట్టిపడ్డాకనే పూతకు దిగాలి. ఒకే టెండరులో ఒకే వారంలో రెండు పనులూ చేయించే అలవాటు మానుకోవాలి.

మోతాదు ఎంత సరిగ్గా తేల్చినా, రాయీ బిటుమెనూ అంటుకోకపోతే లాభం లేదు. అంటుకోవడం రసాయన శాస్త్రం పరిధిలోనిది. ఎమల్షన్‌లో బిటుమెన్ కొన్ని మైక్రాన్ల బిందువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. 1950ల నుంచి వాడుకలోకి వచ్చిన కాటయానిక్ ఎమల్షన్లలో ఆ బిందువుల మీద ధనావేశం ఉంటుంది. తడి గ్రానైట్, క్వార్ట్‌జైట్ లాంటి రాళ్ల ఉపరితలం మీద ఋణావేశం. రెండూ ఆకర్షించుకుని బిటుమెన్ రాతికి పట్టుకుంటుంది, నీరు పక్కకు తప్పుకుంటుంది. ఈ మార్పు కంటికి కనిపిస్తుంది. చల్లినప్పుడు చాక్లెట్ రంగులో ఉన్న ద్రవం కొద్ది నిమిషాల్లో నల్లబడుతుంది. చిప్స్ గోధుమ రంగు ఉండగానే పడాలి. నల్లబడ్డాక పడితే పైన పైనే ఉంటాయి. వాన మబ్బు కనిపిస్తుండగా పని మొదలుపెడితే గోధుమ రంగు నీళ్లు సైడు కాలువలో పారుతుంటాయి. మోతాదులో కొరత ఎంతో ఇక లెక్క కట్టనక్కర్లేదు.

చిప్స్ మీది దుమ్ము దీనికి పెద్ద శత్రువు. 75 మైక్రాన్ల జల్లెడలో జారే పొడి ఒక శాతం మించకూడదు. మించితే ఎమల్షన్ రాతిని వదిలి దుమ్మును పట్టుకుంటుంది. ఎమల్షన్ వాడేటప్పుడు చిప్స్ కడిగి తడిగా వేసినా నష్టం లేదు. వేడి బిటుమెన్ వాడేటప్పుడు మాత్రం తడి పనికిరాదు. అక్కడ చిప్స్‌కు ముందుగానే బరువులో ముప్పావు నుంచి ఒక శాతం బిటుమెన్ పట్టించి తెచ్చుకుంటే దుమ్ము సమస్య తీరుతుంది. రాయి ఎంపికలో మనకు అదృష్టం ఉంది. తెలంగాణలో, రాయలసీమలో గ్రానైట్‌కు కొదవ లేదు. పడమటి తెలంగాణలో దక్కన్ నల్లరాయి దొరుకుతుంది. తాండూరు, పల్నాడు ప్రాంతాల్లో చేతికందే సున్నపురాయి మాత్రం పై పూతకు మంచిది కాదు. అది బిటుమెన్‌ను బాగానే పట్టుకుంటుంది గానీ చక్రాల రాపిడికి త్వరగా నునుపెక్కి పట్టు పోగొట్టుకుంటుంది.

మైక్రో సర్ఫేసింగ్‌లో ఈ జ్యామితి అంతా పక్కకు పోతుంది. అక్కడ సమస్య సెకన్లది. 1970లలో జర్మనీలో రూపుదిద్దుకుని, 1980లో అమెరికా చేరిన ఈ పద్ధతిలో రాతిపొడి, పాలిమర్ కలిపిన ఎమల్షన్, కొంచెం సిమెంటు, నీరు, అవసరమైతే ఒక రసాయనం యంత్రంలోనే కలిసి వెంటనే రోడ్డు మీద పరుచుకుంటాయి. కలిసేటప్పుడు జారుగా ఉండాలి. పరిచాక వెంటనే బిగుసుకోవాలి. ఈ రెండు కోరికలకూ సయోధ్య కుదర్చడమే రూపకల్పన. ప్రయోగశాలలో కాగితం కప్పులో వంద గ్రాముల రాతిపొడి తీసుకుని, సిమెంటు, నీరు, ఎమల్షన్ వేసి గరిటతో తిప్పుతూ సెకన్లు లెక్కపెడతారు. 25 డిగ్రీల దగ్గర కనీసం 120 సెకన్లు జారుగా ఉండాలి. తరువాత ఆ మిశ్రమంతో చిన్న బిళ్ల పోసి, దానిమీద రబ్బరు పాదాన్ని గాలి ఒత్తిడితో నొక్కిపెట్టి, తిప్పుడు బలం ఎంత కావాలో చూస్తారు. అరగంటకు 12 కిలో-సెంటీమీటర్లు, గంటకు 20 వస్తే వాహనాలు వదలవచ్చు.

రాతిపొడిలో బంకమట్టి ఉంటే అది ఎమల్షన్‌ను చాలా త్వరగా విరిచేస్తుంది. అదే మిశ్రమం 40 డిగ్రీల ఎండలో ఎలా ప్రవర్తిస్తుందో విడిగా చూడాలి. 25 డిగ్రీల నివేదిక పట్టుకుని మే నెలలో పనికి దిగితే పరిచే పెట్టెలోనే మిశ్రమం గట్టిపడుతుంది.

బిటుమెన్ ఎంత అన్నది ఇక్కడ రెండు పరీక్షల మధ్య ఇరుక్కుని తేలుతుంది. నీటిలో మునిగిన బిళ్ల మీద రబ్బరు గొట్టాన్ని రుద్దితే ఊడే పదార్థం చదరపు మీటరుకు 538 గ్రాములు మించకూడదు. బిటుమెన్ తక్కువైతే మించుతుంది. బరువు చక్రం తిప్పాక ఉపరితలానికి అంటే ఇసుకా 538 గ్రాములు మించకూడదు. బిటుమెన్ ఎక్కువైతే మించుతుంది. ఈ వింత అంకె ఎక్కడిదని కంగారుపడనక్కర్లేదు. చదరపు అడుగుకు 50 గ్రాములన్న అమెరికా పరిమితిని మెట్రిక్‌లోకి మారిస్తే వచ్చిందే.

మన దేశంలో ఈ రెండు పద్ధతులకూ నియమావళి ఉంది. సర్ఫేస్ డ్రెస్సింగ్‌కు 2005 నాటి ఐఆర్‌సీ:110, స్లర్రీ సీల్‌కు, మైక్రో సర్ఫేసింగ్‌కు 2008లో మొదట వచ్చిన ఐఆర్‌సీ:ఎస్‌పీ:81. ఇవి కాక కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకంలో ఒక పట్టిక ఉంది. 13 మిల్లీమీటర్ల చిప్స్‌కు చదరపు మీటరుకు ఒక కిలో బిటుమెన్, 19కి 1.2 కిలోలు, ఇలా. పై ఉదాహరణలో మనం వేసిన లెక్క ఇంచుమించు ఈ 13 మిల్లీమీటర్ల చిప్స్‌దే. వంద నుంచి అయిదు వందల వాహనాలకు 1.09 లీటర్లు వచ్చింది, రెండు వేలు దాటితే 0.90 వస్తుంది. పట్టికలోని ఒక కిలో రెండింటి మధ్యా ఉంది. కాబట్టి పట్టిక తప్పు కాదు. ఎస్టిమేటు వేయడానికి, టెండరు పిలవడానికి అది చాలు. దాన్నే సైట్‌లో చివరి మాటగా తీసుకోవడం తప్పు. క్వారీ ఖరారయ్యాక, చిప్స్ సైట్‌కు చేరాక, మధ్యమ సైజు, పలకదనం, వదులు బరువు కొలిచి మోతాదు తిరగరాయాలి. చెల్లింపు చదరపు మీటర్లలో జరుగుతూ, చల్లిన లీటర్లకు రికార్డే లేనప్పుడు ఈ తిరగరాత ఎవరికీ పట్టదు. కాంట్రాక్టులోనే పూత విస్తీర్ణానికి ఒక రేటు, చల్లిన బిటుమెన్‌కు విడిగా మరో రేటు పెడితే మోతాదు పెంచినా తగ్గించినా ఎవరికీ నష్టం ఉండదు.

పని జరిగేటప్పుడు చూడవలసినవి తక్కువే. స్ప్రేయర్ దారిలో కొలిచిన రేకు ట్రే ఒకటి పెట్టి, పడిన బరువు తూచితే మోతాదు తేలుతుంది. ఇనుప చక్రాల రోలర్ చిప్స్‌ను నలగ్గొడుతుంది. గాలి టైర్ల రోలరే మంచిది. మొదటి రోజు వాహనాల వేగాన్ని అదుపులో పెట్టి, మర్నాడు ఊడిన చిప్స్ ఊడ్చేయాలి. ఊడ్చే పని ఎస్టిమేటులో ఉన్నా సైట్‌లో కనిపించడం అరుదు. ద్విచక్ర వాహనదారులు పడేది ఆ కారణానే.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి రోడ్డు ఇంకా నల్లగా, చదునుగా ఉండగానే దాని మీద చిప్స్ పరుస్తుంటే అది దుబారా అని అర్జీ పెట్టకండి. ఆ డబ్బు సరైన సమయంలో ఖర్చవుతోంది. వలలా పగిలి, చక్రాల దారిలో కుంగిన రోడ్డు మీద అదే పూత వేస్తుంటే మాత్రం తప్పకుండా అడగండి. రోడ్డు పునాది ఎప్పుడు కొలిచారు, ఈ చిప్స్ సగటు కనిష్ఠ కొలత ఎంత, చదరపు మీటరుకు ఎన్ని లీటర్లు చల్లాలని ఏ కాగితంలో రాశారు అని. ఈ మూడింటికీ జవాబు సైట్ రిజిస్టరులో ఉండి తీరాలి.